వీరనాగమ్మ ప్రశ్న

"పదిసార్లు జవాబు చెప్పిన ప్రశ్నే మళ్లీ అడిగితే, చదువుకుని రమ్మనడం తప్పెలా అవుతుంది గురువుగారూ?"

నాగముని ఇలా అడిగాడు సోమసుందరం గారిని. ఆయన ముప్పై ఏళ్లు పశువైద్యుడిగా పనిచేసి, విరమణ తర్వాత పాడిరైతుల కోసం అంతర్జాలంలో ఒక చర్చావేదిక నడుపుతున్నారు. కొత్తగా పట్టా పుచ్చుకున్న నాగముని ఆయన దగ్గర పని నేర్చుకుంటూ, వేదికలో జవాబులు రాస్తుంటాడు. ఆ ఉదయం వీరనాగమ్మ అనే ఆవిడ, జొన్న కోసిన చేలో మళ్లీ మొలిచిన పిలకల్లో బర్రెను మేపవచ్చా అని అడిగింది. అదీ అమ్మకాల విభాగంలో, తప్పుల తడకగా. "ఇది అమ్మకాల చోటు. చదవడం వస్తే పాత జవాబులు చూడండి" అని నాగముని రాశాడు. దాన్ని తీసేయమన్నారు గురువుగారు. అందుకే ఈ ప్రశ్న.

సోమసుందరం గారు వాదించలేదు. ఆవిడకు జవాబు ఎవరైనా చెప్పారేమో చూడమన్నారు.

నాగముని ఫోన్ తీసి చూశాడు. నలభై రెండు స్పందనలు ఉన్నాయి. సగం మంది అతని మాటకు నవ్వారు. మిగతావాళ్లు ఆడమనిషితో మాట్లాడే పద్ధతి ఇదేనా అని తగువు పడుతున్నారు. ఆ పిలకల్లో విషం ఉంటుందని ఒక్కరూ రాయలేదు. తనూ రాయలేదని నాగమునికి అప్పుడే తట్టింది. మేపవద్దని గబగబా రాశాడు. ఆవిడ చూసిన గుర్తు పడలేదు. ఏ ఊరని అడిగాడు. బదులు లేదు.

వేదికలో చేరినప్పుడు ఆవిడ ఇచ్చిన నంబరు గురువుగారి దగ్గర ఉంది. నాగముని ఫోన్ చేశాడు; మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. నాలుగోసారికి ఆవిడ ఎత్తింది. వెనకాల ఎవరో నీళ్లు తెమ్మని కేకలు వేస్తున్నారు. బర్రెను పిలకల్లోకి తోలారా అని అడిగాడు.

"తోలాను సారూ. ఎవరూ వద్దనలేదు కదా."

బర్రె వెంట వెళ్లిన పెయ్య పడిపోయిందట. బర్రె వణుకుతోంది, నోట నురగ వస్తోంది. నాగముని ఊరి పేరు అడిగి గట్టిగా పలికాడు. అది వింటూనే సోమసుందరం గారు తన ఫోన్ నుంచి ఆ మండలం డాక్టరుకు చెప్పారు, ఏ సూదిమందు తీసుకువెళ్లాలో కూడా చెప్పారు. తర్వాత చేయగలిగింది లేదు. నాగముని కూర్చోలేక, నిలబడలేక వాకిట్లో తిరిగాడు. రోడ్డు ఎలా ఉందో, డాక్టరు బండి ఎక్కడిదాకా వచ్చిందో అని రెండుసార్లు అడిగాడు. గురువుగారు తనకూ తెలియదన్నారు.

గంట దాటాక డాక్టరు ఫోన్ చేశాడు. బర్రె లేచి నిలబడింది. పెయ్య దక్కలేదు.

నాగముని ఉదయం రాసిన మాట తీసేశాడు. చివరికి, అందరి ముందూ ఆవిడకు క్షమాపణ రాస్తానన్నాడు.

"రాయి" అన్నారు సోమసుందరం గారు. "ఆవిడ మళ్లీ అక్కడికి రాకపోవచ్చు. అడగాలా వద్దా అని చూస్తున్నవాళ్లు ఇంకా ఉంటారు."