దుగ్గడి కావ్యంలో రాజుగారి పేరు

ఒకప్పుడు పైడిగట్టు రాజ్యంలో సూరసాని అనే కవయిత్రి ఉండేది. పెద్దకాలువ తవ్వేటప్పుడు గట్టు తెగితే, తోటి కూలీలను ఒడ్డుకు చేర్చి తాను కొట్టుకుపోయిన దుగ్గడు అనే ఉప్పరి మీద ఆవిడ మూడేళ్లు కష్టపడి ఒక కావ్యం రాసింది.

మాఘ పున్నమినాడు కోట ముందు మైదానంలో ఆవిష్కరణ, ఆపైన కాలువ వెంట ఉన్న ఐదు ఊళ్లలో కావ్యగానం జరుగుతాయని చాటింపు వేయించారు. ఆ చాటింపు రాజు రణధీరవర్మ చెవిన పడింది. ఆయనకు పొగడ్త లేనిదే పొద్దు గడవదు. వెంటనే సూరసానిని పిలిపించాడు.

"కావ్యానికి నాయకుడంటే రాజు. మట్టి మోసేవాడేమిటి? వాడి పేరున్న చోటల్లా మా పేరు వెయ్యి. లేదంటే ఆవిష్కరణా లేదు, గానమూ లేదు" అన్నాడు.

సూరసానికి ఒళ్లు మండిపోయింది. దుగ్గడి తల్లి ఎల్లి బతికే ఉందనీ, ఆమెకు మిగిలింది కొడుకు పేరొక్కటేననీ చెప్పింది. అయితే ఆవిడకో చీర పెట్టిస్తామన్నాడు రాజు. ఆ మాటకు సూరసాని విసవిసా బయటికి నడిచింది.

ఇంటికి వచ్చి తాటాకులన్నీ పొయ్యిలో వేద్దామనుకుంది. ముందు ఎల్లికి చెప్పాలి కదా అని ఆమె గుడిసెకు వెళ్లింది. ఎల్లి అంతా విని, "వాడి ప్రాణం తీసుకున్నారు. పేరు కూడా కావాలా అమ్మా వాళ్లకి?" అని అడిగింది.

సూరసాని ఆ కోపంతోనే తిరిగొచ్చి గంటం పట్టింది. రాజు చెప్పినట్టే దుగ్గడి పేరున్న చోటల్లా రణధీరవర్మ అని రాసింది. మరో అక్షరం ముట్టుకోలేదు.

పున్నమినాడు మైదానం కిటకిటలాడింది. రాజు మీసం దువ్వుకుంటూ సింహాసనం మీద కూర్చున్నాడు. సూరసాని గొంతెత్తి పాడసాగింది. కావ్యంలో రణధీరవర్మ గోచీ బిగించి మట్టితట్ట నెత్తికెత్తుకున్నాడు. దాహమై కాస్త కూలబడితే, భటుడు వచ్చి రణధీరవర్మ వీపు మీద కొరడాతో చెళ్లున కొట్టాడు. జ్వరంగా ఉందంటే అధికారి రణధీరవర్మ మెడపట్టి గోతిలోకి తోశాడు.

జనం నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. రాజు లేచి నిలబడ్డాడు.

"ఆపు. నిండు సభలో మమ్మల్నే కొట్టిస్తావా?"

"కొట్టింది తమ భటులే ప్రభూ. నేను పేరొక్కటే మార్చాను. పేరు తమరిదయ్యాక దెబ్బలు ఇంకొకరివి ఎలా అవుతాయి?" అంది సూరసాని. "గట్టు తెగే ఘట్టం ఇంకా ముందుంది. అందులో తమరు చచ్చిపోతారు. పాడమంటారా?"

రాజు ఆమెను ఎగాదిగా చూశాడు. అంతలో ఆయనకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వద్దు తల్లీ, ఆ చావు చచ్చేంత ధైర్యం మాకు లేదు. ఎవరి పేరు వాళ్లకిచ్చెయ్యి" అని చేతి కంకణం తీసి ఇవ్వబోయాడు.

సూరసాని నవ్వలేదు. కంకణం తనకు వద్దనీ, కాలువ పనుల్లో కొరడా తీయించమనీ అడిగింది. రాజు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

ఆమె దుగ్గడి పేరుతో మళ్లీ మొదటి పద్యం ఎత్తుకుంది. రాజు ఆసాంతం కూర్చుని విన్నాడు. గట్టు తెగే ఘట్టం వచ్చేసరికి ఆయన ముఖంలో నవ్వు లేదు.