గంగులమ్మ చెవుల మీది బెల్లం

పిల్లవాగు ఒడ్డున ఒక కాలేజీ, వాగు దాటి కొండెక్కితే ఇంకో కాలేజీ. వాగొడ్డు కాలేజీ మైదానానికి కంచె కూడా లేదు. రెండు మద్దిచెట్లకి అడుగులేని వెదురుబుట్టలు రెండు కట్టి ఉంటాయి, వాటిలోంచి బంతి వెయ్యాలి, అంతే. కొండ కాలేజీకి నున్నటి బండపరుపు మైదానం, కూర్చోడానికి మెట్లు, మెట్ల మీద నీడకి తాటాకు పందిరి. అయినా బాస్కెట్‌బాల్ అంటే అడవి మొత్తం చెవులు రిక్కించేది వాగొడ్డు కాలేజీ వైపే. ఎందుకంటే అక్కడ ఆట నేర్పేది గేదె గంగులమ్మ.

గంగులమ్మ ఆట జరిగేటప్పుడు అరవదు. డప్పుల మోతలో అరిచినా వినపడదు. మైదానం పక్కన కూర్చుని చెవులతో, తోకతో మాట్లాడుతుంది. ఎడమ చెవి ఆడిస్తే బంతి ఎడమకి. కుడి చెవి ఆడిస్తే కుడికి. తోక లేపితే అందరూ వెనక్కి. రెండు చెవులూ ఒక్కసారిగా ముందుకి చాచిందంటే, బుట్ట కింద ఉన్నవాడికి నేరుగా. ఈ చివరిదే ఆమె అన్నిటికన్నా ముందు నేర్పిన సైగ. ఇరవై ఏళ్ళ కిందటి మాట.

ఈ మధ్య గంగులమ్మకి ఒక దిగులు పట్టుకుంది. మరిచిపోతోంది. నీళ్ళకని వాగులోకి దిగి, ఎందుకు దిగానబ్బా అని నడుములోతు నీళ్ళలో నిలబడిపోతోంది. నిన్నగాక మొన్న జట్టులో చేరిన ముంగిసని, ఎనిమిదేళ్ళ కిందట వెళ్ళిపోయిన ఉడుత పేరుతో పిలిచింది. ఎవరూ గమనించలేదులే అనుకుని, తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆ ఏడు అడవి సభ రెండు కొత్త చట్టాలు చేసింది. ఏ ఆటగాడైనా ఏడాదికోసారి తనకి నచ్చిన కాలేజీకి మారిపోవచ్చు, ఎవరూ అడ్డుపడకూడదు. ఆడినవాళ్ళకి కాలేజీలు ప్రతిఫలం ఇవ్వచ్చు. గంగులమ్మ రెండింటికీ సంతోషించింది. అన్నాళ్ళూ ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన జొన్నకంకులు డప్పులవాళ్ళకి అందేవి, కాలేజీ పెద్దలకి అందేవి. ఒళ్ళు హూనం చేసుకుని ఆడిన పిల్లలు మాత్రం వాగులో నీళ్ళు తాగి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఇప్పుడు వాగొడ్డు కాలేజీ కూడా తలా ఒక బుట్ట వేరుశనగలు ఇస్తోంది. ఆ ముంగిస వచ్చింది వాటికోసమే.

కానీ చట్టం వచ్చిన మూడోరోజే కొండ కాలేజీ నుంచి నక్క దివాకరం దిగొచ్చాడు. మెడలో పసుపు రుమాలు, మాటలో తేనె. కొండ జట్టుకి ఆయనే గురువు, ఆయనే బేరగాడు.

"గంగులమ్మ గారూ, ఆరోగ్యం ఎలా ఉందండీ?"

"మేస్తున్నాను, నెమరేస్తున్నాను. నువ్వెందుకొచ్చావో చెప్పు."

"కోదండం కోసమండీ. నెలకి పది బుట్టల జొన్నలు, ఇంటిల్లిపాదికీ పళ్ళు. చట్టప్రకారమే అడుగుతున్నాను."

కోదండం వాగొడ్డు జట్టులో కొండముచ్చు. బుట్ట కింద నిలబడి గాల్లోకి లేచాడంటే బంతి లోపల పడ్డట్టే. కిందటేడు జట్టు వేసిన బంతుల్లో సగం వాడివే. ఇప్పుడు మాత్రం కాలివేళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, గాలివానకి మా మేడిచెట్టు కూలిపోయింది. చెల్లెళ్ళు చిన్నవాళ్ళు. అందుకని..."

"దానికి తల దించుకుంటావేంరా? ఆడేవాడికి కడుపుండదా? వెళ్ళు. అక్కడ కూడా ఇట్లాగే ఎగురు" అంది గంగులమ్మ.

"తమది పెద్ద మనసండీ! మర్యాదగా ఒక బెల్లం అచ్చు పంపిస్తాను" అని దివాకరం రుమాలు సర్దుకున్నాడు.

బెల్లం అచ్చు వచ్చింది. గేదె తలంత ఉంది. నోట పెట్టబుద్ధి కాక, గంగులమ్మ దాన్ని కొట్టం చూరుకి వేలాడగట్టించింది.

అసలు సంగతి సాయంత్రం తెలిసింది. జట్టులో బంతి పంచిపెట్టే కుందేలు మల్లిక రొప్పుతూ వచ్చింది.

"అమ్మా! కొండదారిలో పొద చాటున ఉండి విన్నాను. ఎగిరేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు, నాకు కావలసింది నీ బుర్రలో ఉన్నది, ఆ గేదె సైగలన్నీ చెప్పు, అన్నాడు నక్క. కోదండం కాసేపు నసిగాడు. సైగలు చెప్పకూడదని చట్టంలో ఎక్కడుందో చూపించు, అన్నాడు ఆ నక్క."

"చెప్పేశాడా?"

"అన్నీ. ఒక్కటి మిగల్చకుండా."

ఆ ఏడు రెండు జట్లూ ఎదురొచ్చిన ప్రతి జట్టునీ ఓడిస్తూ పోయాయి. కొండ జట్టు నిండా ఏడు అడవుల నుంచి ఏరి తెచ్చిన ఆటగాళ్ళు. ఎలుగుబంటి, దుప్పి, మనుబోతు, అందరూ తాడిఎత్తు వాళ్ళే. ఎవరి పేరు ఎవరికీ తెలీదు. వీపు మీద అంకె చూసి "ఏయ్ ఏడూ, ఇటివ్వు!" "నువ్వెవరోయ్, మూడా?" అని పిలుచుకునేవాళ్ళు. వాగొడ్డు జట్టులో మల్లిక పంచుతుంటే ముంగిసా, మేకపోతూ వేస్తున్నారు. చివరికి ఫైనల్లో ఈ రెండు జట్లే మిగిలాయి. ఓడితే వాగొడ్డు కాలేజీలో వచ్చే ఏడు ఆట ఉండదని పెద్దలు ముందే చెప్పేశారు. వేరుశనగలకి ఖర్చు పెట్టి ఓడిపోవడం దేనికి, అని వాళ్ళ వాదన.

ఇంక వారం ఉంది. గంగులమ్మ కొత్త సైగలు కట్టింది. ఎడమ చెవి ఆడిస్తే ఇప్పుడు కుడికి. తోక లేపితే ముందుకి. పగలల్లా వాగొడ్డున వల్లెవేసింది. మర్నాడు పొద్దున లేచేసరికి ఒక్కటీ లేదు. మళ్ళీ వల్లెవేసింది, మళ్ళీ పోయింది. మూడోరోజు సాధనలో ఏ చెవి ఆడించాలో తెలీక రెండూ వేలాడేసుకుని నిలబడిపోయింది.

"పిల్లలూ, ఇలా రండి" అంది. అందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. "మీ దగ్గర దాచాను. నాకు జ్ఞాపకం పోతోంది. కొత్త సైగలు నిలవడం లేదు. పాతవన్నీ వాడికి తెలుసు. నేను పక్కకి తప్పుకుంటాను, ఇంకెవరినైనా చూసుకోండి."

అప్పుడు గాడిద ఎల్లయ్య గొంతు సవరించుకున్నాడు. జట్టులో అందరికన్నా పాతవాడు. ఎదుటివాళ్ళకి అడ్డంగా నిలబడ్డమే వాడి పని. జన్మలో ఒక్క బంతి బుట్టలో వేసి ఎరగడు.

"అమ్మా, ఒక మాట చెప్తాను, కోప్పడవు కదా? నువ్వు సైగలు తికమక చేస్తున్నావని మాకు రెండేళ్ళుగా తెలుసు."

"రెండేళ్ళా!"

"రెండేళ్ళ కిందటి పోటీల్లో నువ్వు ఎడమ చెవి ఆడిస్తే, కుడివైపు ఖాళీగా ఉంది. మల్లిక కుడికే ఇచ్చింది. అప్పట్నుంచీ మేం నీ చెవులకేసి చూడ్డం లేదు. మల్లిక కళ్ళకేసి చూస్తాం. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

గంగులమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మరి కోదండానికి తెలీదా?"

మల్లిక కిసుక్కున నవ్వింది. "వాడికెలా తెలుస్తుందమ్మా? వాడెప్పుడూ మనకి వీపు పెట్టి బుట్టకేసి చూస్తూ నిలబడతాడు. చెయ్యి చాస్తాడు, చేతిలోకి బంతి వస్తుంది. ఎలా వస్తోందని ఒక్కనాడు వెనక్కి తిరిగి చూడలేదు. నీ సైగల వల్లే వస్తోందనుకుంటున్నాడు. పాపం, అబద్ధం చెప్పలేదు. తనకి తెలిసిందే చెప్పాడు."

గంగులమ్మ కాసేపు నెమరేసింది. నెమరు ఆగిపోయింది.

"అంటే ఆ దివాకరం ఫైనల్ అంతా నా చెవులకేసే చూస్తూ కూర్చుంటాడు."

"కళ్ళార్పకుండా."

"అయితే ఎల్లయ్యా, చూరుకున్న ఆ బెల్లం దింపరా. నీళ్ళలో నానబెట్టు."

*

ఫైనల్ రోజు మిట్టమధ్యాహ్నం కొండ మైదానం మెట్లు కిక్కిరిసిపోయాయి. డప్పులు! ఈలలు! పందిరి గుంజ మీద గోరింక ఎక్కి ఆట వర్ణిస్తోంది. కొంగ రిఫరీ ఒంటికాలి మీద నిలబడి ఈల ఊదాడు.

గంగులమ్మ తన చోట కూర్చుంది. చెవులకి, తోక కుచ్చుకి బెల్లంపాకం దట్టంగా పట్టించి ఉంది. ఎండకి అది కరిగి ఘుమఘుమలాడింది. కొండ మీద ఈగలన్నీ పెళ్ళివిందుకి పిలిచినట్టు వచ్చి వాలాయి.

ఎడమ చెవి టపటపా కొట్టుకుంది.

"ఎడమకి! అందరూ ఎడమకి!" దివాకరం కేక పెట్టాడు. ఎలుగుబంటీ దుప్పీ ఎడమకి దూకారు. మల్లిక కుడికి ఇచ్చింది. కుడిపక్కన ముంగిస తప్ప పురుగు లేదు. బంతి బుట్టలో పడింది!

"వాగొడ్డు రెండు!" గోరింక ఎగిరి గంతేసింది.

కుడి చెవి. "కుడికి!" మేకపోతు ఎడమ నుంచి వేశాడు. తోక లేచింది. "వాళ్ళు వెనక్కి పోతున్నారు, ముందుకి పదండి!" అందరూ ముందుకి ఉరికితే వెనక బుట్ట దిక్కులేకుండా పోయింది. కుడి చెవి, ఎడమ చెవి, తోక, మళ్ళీ ఎడమ, మళ్ళీ తోక! దివాకరం గొంతు బొంగురుపోయింది. మనుబోతు ఎటు పరిగెత్తాలో తెలీక ఉన్నచోటే గిరగిరా తిరిగి కూలబడింది. మెట్ల మీద కోతులు పొట్టలు పట్టుకున్నాయి. సగం ఆట అయ్యేసరికి వాగొడ్డు ముప్ఫై, కొండ పద్దెనిమిది.

విరామంలో కోదండం నక్క దగ్గరికి పరిగెత్తాడు. ఎదురుబుట్ట కింద నిలబడ్డాడు కాబట్టి, జన్మలో మొదటిసారి వాగొడ్డు జట్టు ఆట ఎదురుగా కనిపించింది వాడికి.

"సార్! అవి సైగలు కావు. ఈగలు తోలుకుంటోంది. వాళ్ళెవరూ అమ్మకేసి చూడ్డం లేదు. మల్లిక కళ్ళతో చెప్తోంది."

"ఓహో! పది బుట్టల జొన్నలు తిని ఇప్పుడా చెప్తావు? ఆ గేదె మీద ప్రేమ ఇంకా చావలేదన్నమాట. పో, బల్ల మీద కూర్చో!"

"సార్, నా బుర్రలో ఉన్నదే కావాలన్నారు కదా. ఇప్పుడు ఉన్నది ఇదే సార్."

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాడు. కానీ పొడుగువాళ్ళు పొడుగువాళ్ళే. ఈగలు కాస్త పల్చబడేసరికి ఎలుగుబంటి చెయ్యి చాచి బంతులు లాక్కుని వెయ్యడం మొదలుపెట్టింది. తేడా ఎనిమిదైంది, నాలుగైంది. ఆఖరి నిమిషంలో కొండ నలభై ఒకటి, వాగొడ్డు నలభై. బంతి మల్లిక చేతిలో.

అప్పుడే ఒక ఈగ దివాకరం ముక్కు మీద వాలింది. దాని కాళ్ళకి అంటిన పాకం వాడి ముక్కుకి జిగటగా తగిలింది. నక్క దాన్ని నాకి చూశాడు. తీపి!

"ఈగలే! అవన్నీ ఈగలేరా!" అని గావుకేక పెట్టాడు. "ఇంక ఆ గేదెకేసి ఎవరూ చూడొద్దు! అందరూ కుందేలు మీద పడండి!"

అయిదుగురూ వచ్చి మల్లికని చుట్టేశారు. చుట్టూ కాళ్ళు, పైన పొట్టలు. మల్లిక కళ్ళు ఎవరికీ కనపడటం లేదు, మల్లికకి ఎవరూ కనపడటం లేదు. మనుబోతు కాళ్ళ సందులోంచి ఒక్కటే కనపడుతోంది. మైదానం పక్కన గంగులమ్మ.

గంగులమ్మకి మైదానమంతా కనపడుతోంది. అటు బుట్ట కింద ఎల్లయ్య ఒంటరిగా నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఎవరూ లెక్కచెయ్యలేదు. చెప్పాలి, మల్లికకి చెప్పాలి! ఏమిటా సైగ? దేవుడా, ఏమిటది? బుర్రంతా ఖాళీ. మల్లిక తనకేసే చూస్తోంది. రెండేళ్ళ తర్వాత తనకేసి చూస్తోంది!

ఏం చేస్తోందో తనకే తెలియకుండా గంగులమ్మ లేచి నిలబడింది. ఈగలన్నీ ఝుమ్మని లేచాయి. రెండు చెవులూ ఒక్కసారిగా ముందుకి చాచుకున్నాయి.

మల్లిక మనుబోతు కాళ్ళ సందులోంచి బంతి దొర్లించింది. బంతి నేల మీద జర్రున పోయి ఎల్లయ్య గిట్టలకి తగిలింది. వాడు ఒక్క క్షణం "నాకా?" అన్నట్టు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, రెండు కాళ్ళూ ఎత్తి ఒక్క తన్ను తన్నాడు.

బంతి తారాజువ్వలా పైకి లేచింది. డప్పులు ఆగిపోయాయి. బుట్ట అంచు మీద ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, లోపలికి జారింది!

కొంగ రెక్కల్లోంచి చట్టం పుస్తకం తీసి గబగబా తిరగేశాడు. "కాలితో వెయ్యకూడదని..." అని ఆగి, ఇంకో పేజీ చూసి, "అది చేతులున్నవాళ్ళకి మాత్రమే. చెల్లుతుంది!" అని ఈల ఊదాడు.

"వాగొడ్డు నలభై రెండు!" గోరింక గుంజ మీంచి కింద పడిపోయింది. ఎల్లయ్య ఓండ్రపెట్టిన ఓండ్రకి పందిరి తాటాకులు గలగలలాడాయి. పిల్లలంతా వచ్చి గంగులమ్మ మీద పడి, బెల్లం అంటుకుని ఊడిరాలేక నవ్వులే నవ్వులు.

ఆ గోలలో కోదండం మెల్లిగా వచ్చి నిలబడ్డాడు. గంగులమ్మ వాణ్ణి చూసింది. పేరు గుర్తుకు రావడానికి కాసేపు పట్టింది గానీ, వచ్చింది.

"కోదండం. చెల్లెళ్ళు తింటున్నార్రా?"

"తింటున్నారమ్మా. వచ్చే ఏడు చట్టప్రకారం మళ్ళీ మారచ్చు కదా. ఇక్కడ చోటుంటుందా?"

"ఉంటుంది" అంది మల్లిక మధ్యలో దూరి. "వేరుశనగలు ఒక బుట్టే. వెనక్కి తిరిగి చూడ్డం మాత్రం నేర్చుకోవాలి."

దివాకరం దూరంగా ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు. "గంగులమ్మ గారూ, అంత తీపి బెల్లం ఎక్కడ దొరికిందండీ మీకు?"

గంగులమ్మ రెండు చెవులూ తీరిగ్గా ఆడించింది. "మీరు మర్యాదగా పంపిందే, దివాకరం గారూ. ఇలాంటివి మరిచిపోను."

అందుకే పిల్లలూ, ఆటగాణ్ణి జొన్నలు పోసి తెచ్చుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు గానీ, వాడి చేతిలోకి బంతి ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూసుకోవాలి.