ఇల్లిల్లూ పలకరించిన దాలమ్మ

అనగనగా అని కథ చెప్పే తాతలకి తాతలు కూడా పుట్టని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో దాలమ్మ అని ఒకావిడ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉప్పు తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముకునేది.

ఒక ఏడు ఉప్పెన వచ్చింది. ఇళ్ళు పోయాయి, పడవలు పోయాయి, మనుషులు పోయారు. వైద్యుడు కూర్మయ్యగారి మందుల పాక కూడా కొట్టుకుపోయింది. నీళ్ళు తీశాక ఆయన మెరక మీద మళ్ళీ పాక వేశాడు. కషాయాలు కాచుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు మాత్రం కొద్దిమందే.

"అందరూ కోలుకున్నారా దాలమ్మా? లేక రాలేకపోతున్నారా? ఇక్కడ కూర్చుంటే నాకెలా తెలుస్తుంది?" అన్నాడాయన.

"నేను చూసొస్తానయ్యా. అమ్ముకోడానికి ఉప్పు ఎలాగూ లేదు" అంది దాలమ్మ.

మొదటి ఇంటి ముందు నిలబడి, "ఇంట్లో అందరికీ ఎలా ఉంది?" అని అడిగింది. లోపల ముసలాయన కాలికి చీము పట్టింది. "అంతదూరం నడవలేనే అమ్మా" అన్నాడు. దాలమ్మ వెళ్ళి వైద్యుణ్ణి తీసుకొచ్చింది.

రెండో ఇంటి ముందు నిలబడి, "ఇంట్లో అందరికీ ఎలా ఉంది?" అని అడిగింది. లోపల బాలింతకి జ్వరం. "కట్టుకోడానికి గుడ్డ లేదు పిన్నీ, బయటికెలా రాను?" అంది. దాలమ్మ తన చీర సగం చింపి ఇచ్చింది. వెళ్ళి వైద్యుణ్ణి తీసుకొచ్చింది.

మూడో ఇంటి తలుపు వేసి ఉంది. లోపల పోలయ్య. పెళ్ళాన్నీ బిడ్డల్నీ ఉప్పెన తీసుకుపోయింది.

"ఇంట్లో అందరికీ ఎలా ఉంది?"

"అందరూ అంటే ఎవరున్నారని? పో!"

దాలమ్మ పోలేదు. గడప బయట చతికిలబడింది. "నువ్వున్నావు కదా తమ్ముడూ. నీకెలా ఉంది?"

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. పోలయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. దాలమ్మ దగ్గర కూర్చుని గంజి తాగించింది.

అలా రోజూ తిరిగింది. పల్లె మెల్లగా లేచి నిలబడింది.

ఒకనాడు దాలమ్మ రాలేదు. పొద్దెక్కాక వస్తుందిలే అనుకున్నారు. మర్నాడూ రాలేదు. పక్క పల్లెకి వెళ్ళుంటుందిలే అనుకున్నారు. మూడోనాడు పోలయ్యకి మనసాగలేదు. ఆమె గుడిసెకి పరుగెత్తాడు. దాలమ్మ ఒళ్ళు కాలిపోతోంది. వైద్యుడొచ్చాడు కానీ మందు గొంతు దిగలేదు.

"ఒక్క కబురు పెట్టకపోయావా అక్కా?" అన్నాడు పోలయ్య.

"ఎవరితో పెట్టను తమ్ముడూ? ఇటు ఎవరూ రాలేదు కదా" అంది దాలమ్మ. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. ఆ సాయంత్రమే కన్ను మూసింది.

ఇప్పటికీ ఆ తీరాన గాలివాన వెలిశాక, ఆరోగ్యం వాకబు చేసే ఆడపిల్లలు ఇంటింటికీ వస్తారు. వాళ్ళు నోరు తెరవకముందే ఇంటివాళ్ళు పీట వేసి మంచినీళ్ళిస్తారు. "ముందు నీ ఒంట్లో ఎలా ఉందో చెప్పమ్మా" అంటారు. ఆ పిల్ల చెప్పేదాకా తమ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పరు.