మూత తీయని చిలక పెట్టె

"కాలువ నీళ్లు పంచే నీరటికాణ్ణి ఈసారి నేను పెట్టను. జనమే ఎన్నుకోవాలి" అని మల్లభూపతి రాజుగారికి బుద్ధి పుట్టింది.

యంత్రాల భైరవభట్టు వెంటనే ఇత్తడి చిలక పెట్టె చేసి తెచ్చాడు. దిగువ పొలాల పోలయ్య కావాలంటే గురివింద గింజ వేయాలి, భట్టు బావమరిది కావాలంటే చిక్కుడు గింజ. మర తిప్పితే లోపల చక్రాలే లెక్క చూస్తాయట. గెలిచినవాడి గింజను చిలక ముక్కున కరిచి బయటికి తెస్తుందట.

ఊరంతా వేసింది. చిలక చిక్కుడు గింజ తెచ్చింది.

"మేమంతా గురివిందలే వేశాం గదయ్యా! ఆ బావమరిది వస్తే మా మళ్లకు చుక్క దిగదు!" అని దిగువ రైతులు లబోదిబోమన్నారు.

"మూత తీయించండి ప్రభూ" అన్నాడు బొల్లయ్య. రాజుగారి భోజనం ముందు రుచి చూసే పెద్దాయన ఆయన. ఉప్పు రవ్వ ఎక్కువైతే వంటవాడితో నెలల తరబడి మాట్లాడడు. "నీ నాలుక మొద్దు" అని భట్టు ఎప్పుడో అన్న మాట ఇంకా ఆయన గొంతు దిగలేదు.

"మూత తీస్తే నా విద్య గుట్టు పోదూ? ప్రమాణం చేస్తున్నాగా, చాలదా?" అన్నాడు భట్టు.

రాజుగారు విసుక్కున్నారు. "బొల్లయ్యా, పెట్టె ముట్టకుండా తప్పు చూపించు. లేదా చిలక మాటే ఖాయం."

బొల్లయ్య వంటశాలకు వెళ్లి ఒక కుండ తెచ్చాడు. మూతికి గుడ్డ బిగించి, చేయి దూరేంత చీలిక వదిలాడు.

"భట్టుగారూ, మీకోసమే. లోపలికి చూడకుండా తీసి నోట్లో వేసుకోండి. వండినవాడు ప్రమాణం చేశాడు."

భట్టు కుండ ఊపాడు. లోపల ఏదో గరగరమంది. ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు.

"తేలుందో జెర్రి ఉందో! ముందు ఆ గుడ్డ విప్పవయ్యా!"

"ఒక్క కుండకే విప్పమంటున్నారే! ఊరి నీళ్లన్నీ మింగిన పెట్టెకు వద్దంటారేం?"

రాజుగారు పకపక నవ్వి రెండింటినీ తెరిపించారు. కుండలో ఎండుటాకుల మీద అరిసెలున్నాయి. పెట్టెలో, చిలక కాళ్ల కింద, జల్లెడ ఉంది! సన్నటి గురివిందలన్నీ కిందికి రాలిపోయాయి. పైన మిగిలినవి చిక్కుడు గింజలే.

గింజలు నడిసభలో పోసి, అందరూ చూస్తుండగా మళ్లీ లెక్కపెట్టారు. పోలయ్య నీరటికాడయ్యాడు.

రాజుగారు పట్టుశాలువా తెప్పించారు. బొల్లయ్య చేయి చాపలేదు.

"మడత విప్పించండి ప్రభూ. చిరుగులుంటే ఇప్పుడే చెప్తాను."

సభ ఘొల్లుమంది. రాజుగారు తామే శాలువా విప్పి, అటూ ఇటూ తిప్పి చూపించి, ఆయన భుజాన కప్పారు.