సన్యాసిపీతకు వీపు మీద ఇల్లెలా వచ్చింది?

ఒకప్పుడు సన్యాసిపీతలకు వీపు మీద ఇల్లు ఉండేది కాదు. సముద్రంలో రాళ్ల సందుల్లో కాపురముండేవి. ఏడాదికోసారి మాత్రం అన్నీ గుంపుగా తాబేటిలంకకు విహారానికి వెళ్లేవి.

అది తాబేళ్లు గుడ్లు పెట్టే లంక. దానికి ఉప్పుగాలి కాపలా.

"ఆడండి, పాడండి, తినండి. పోయేటప్పుడు మాత్రం మీ సామాను ఇక్కడ వదలకండి" అనేది గాలి.

"అలాగే, అలాగే!" అనేవి పీతలు. ఆ మాట చెవిన వేసుకునేవే కాదు. అసలు పీతలకు చెవులెక్కడివి!

ఒక ఏడాది పీతలు ఖాళీ నత్తగుల్లల్ని దొర్లించుకొచ్చి, ఒడ్డు పొడుగునా పెద్ద ఊరే కట్టేశాయి. నూకరాజనే పీత గుల్ల మీద గుల్ల పెట్టి మేడ కట్టాడు. దాని ముందు తనే నిలబడి మురిసిపోయాడు.

తిరిగి వెళ్లే రోజు తెల్లవారింది.

"ఇవన్నీ ఎవరు తీస్తారర్రా?" అంది పెద్దపీత బంగారమ్మ.

"వచ్చే ఏడు మళ్లీ వస్తాంగా అత్తా! ఉండనీ" అన్నాడు నూకరాజు.

అంతలో ఇసుక కదిలింది. బొటనవేలంత తాబేలు పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. నీళ్లకేసి పరుగెత్తబోతే గుల్లల ఊరు గోడలా అడ్డం! ఒకటి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది.

"మామా, సముద్రం ఎటు?" అనడిగింది ఇంకో పిల్ల.

నూకరాజు వెనక్కి తిరిగి చూశాడు. సముద్రం అతని మేడ వెనకే ఉంది.

"గద్ద వస్తోంది! గుల్లల్ని కదపడం నావల్ల కాదు!" అని గాలి అరిచింది.

పీతలు గుల్లల్ని డెక్కలతో పట్టి లాగాయి. గుల్లలు జారిపోయాయి. బంగారమ్మ చటుక్కున తన మెత్తటి తోకను గుల్లలోకి దూర్చి లేచి నిలబడింది.

"తొడుక్కోండర్రా! ఎవరిల్లు వాళ్లే మొయ్యండి!"

అందరూ తొడుక్కున్నారు. ఊరికి ఊరే నడిచింది! దారి తెరుచుకుంది. వెల్లకిలా పడ్డ పిల్లను నూకరాజు డెక్కతో తిప్పాడు. అప్పుడే గద్ద అతని మీదికి దూకింది. అతను లోపలికి ముడుచుకుపోయాడు.

టక్! ముక్కు నొప్పెట్టి గద్ద ఎగిరిపోయింది. పిల్లలన్నీ నీళ్లలో పడ్డాయి.

నూకరాజు మెల్లగా తల బయట పెట్టాడు. "అత్తా, నేనిది విప్పను!"

"మరి నీ మేడలో మిగిలిన గుల్ల?"

"ఇల్లు లేనివాడికిస్తా!"

అప్పటినుంచే సన్యాసిపీత ఎక్కడికెళ్లినా ఇంటిని వీపున మోసుకెళ్తుంది. ఒళ్లు పెరిగి ఇల్లు ఇరుకైతే పెద్దదానిలోకి మారుతుంది. ఖాళీ అయిన ఇంట్లోకి వెనకే కాచుక్కూర్చున్న చిన్నపీత గబుక్కున దూరిపోతుంది.