ఉస్తాద్ కట్టిన ముడి

తోపుబస్తీ ఫుట్‌బాల్ క్లబ్బుకు నర్సింగ్ కెప్టెన్, గోల్‌కీపర్ కూడా. అతను చేరిన నాటికి క్లబ్బు మొదటి డివిజన్‌లో ఉండేది. తర్వాత రెండోదానికి జారింది. పోయిన ఏడు మూడోదానికి. అంతకంటే కింద ఇంకేమీ లేదు. ఇవాళ ఓడితే క్లబ్బు గదికి తాళం పడుతుందని బస్తీలో అందరికీ తెలుసు.

రెండుసార్లూ క్లబ్బును కిందికి దించిన గోలు నర్సింగ్ చేతుల్లోంచి బంతి జారి పడిందే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనకపోవడమే అతన్ని తినేసింది.

ఆటకు ముందు గదిలో అతను జట్టు మీద విరుచుకుపడ్డాడు. భయమైతే ఇప్పుడే ఇంటికి పొమ్మన్నాడు. పిరికివాళ్ల వల్లే క్లబ్బు ఈ గతికి వచ్చిందన్నాడు. జట్టులోని సలీం బయటికెళ్లి వాంతి చేసుకుని వస్తే, దానికీ తిట్టాడు.

తర్వాత బయటికొచ్చి, గది వెనక వైపుకు వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. బూట్ల తాళ్లు కట్టబోతే వేళ్లు మాట వినలేదు.

ఖుద్రత్ సాబ్ అక్కడే నీడలో నిలబడి ఉన్నాడు. క్లబ్బుకు కప్పులు తెచ్చిపెట్టిన పాత కోచ్ ఆయన. నర్సింగ్‌కు బంతి పట్టడం నేర్పిందీ ఆయనే. ఎంత పెద్ద ఆటయినా, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చునేవాడని పేరు.

"ఉస్తాద్, నా వల్ల అయితలేదు," అన్నాడు నర్సింగ్. "అన్నీ నేర్పిన్రు. మీకు భయమెందుకు కాకపోయేదో, అదొక్కటి నేర్పలే."

ఉస్తాద్ చేతికర్ర గోడకు ఆనించి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. శిష్యుడి పాదం తన ఒళ్లోకి లాక్కున్నాడు. గురువు ఒళ్లో బూటు పెట్టడమేమిటని నర్సింగ్ వెనక్కి తీసుకోబోయాడు. ముసలాయన వదల్లేదు.

తాళ్లు పట్టుకున్న ఆ చేతులు వణుకుతున్నాయి. ఒక కొస జారింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది.

"ఉండనీయుండ్రి ఉస్తాద్. పెద్దతనం."

"పొద్దున చాయ్ చుక్క ఒలకకుండ తాగిన," అన్నాడు ఉస్తాద్, తల ఎత్తకుండానే. "ఇది పెద్దతనం కాదు బిడ్డా. ఆట ఉన్ననాడే వస్తది. కప్పు గెలిచిననాడు గూడ వచ్చింది. చేతులు జేబుల పెట్టుకునేటోణ్ని."

ఆలస్యంగానైనా ముడి పడింది. రెండో బూటుకూ కట్టాడు.

"గుంజి చూడు."

నర్సింగ్ గుంజాడు. ఊడలేదు.

అతను గదిలోకి తిరిగి వెళ్లాడు. అందరూ మళ్లీ తిట్లు పడతాయనుకున్నారు. నర్సింగ్ సలీం ఎదురుగా కూర్చుని, ఒట్టి చేతులు చాచి చూపించాడు. వేళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"నాకు గూడ," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సలీం గ్లవ్స్ అందుకుని ఒక్కొక్కటే అతని చేతులకు తొడిగాడు.

ఆ మధ్యాహ్నమంతా భయం నర్సింగ్‌ను విడవలేదు. ఆఖరి నిమిషాల్లో ఒక షాట్ అతని చేతులకు తగిలి జారింది. బంతి గీత దాటేలోపు నర్సింగ్ ఒళ్లంతా వేసి దాని మీద పడ్డాడు. అలాగే పడుకుని, రిఫరీ వచ్చి భుజం తట్టేదాకా లేవలేదు.

ఆట డ్రా అయింది. మూడో డివిజన్‌లో ఉండిపోవడానికి అది చాలు.

జనం సందడి సద్దుమణిగాక నర్సింగ్ వచ్చి ఉస్తాద్ పక్కన గడ్డిలో కూర్చున్నాడు. మోచేతులు గీసుకుపోయి రక్తం కారుతోంది. మనం మళ్లీ మొదటి డివిజన్ మొహం చూస్తామా అని అడిగాడు.

ఉస్తాద్ ఖాళీ అవుతున్న మైదానం వైపు చూశాడు.

"వచ్చే ఏడు, ఇంతకంటె పెద్ద ఆటకు భయపడదాం," అన్నాడు.