మొరవనాటమ్మ పగ్గం కొస పట్టిన వైనం

మొరవనాడు అనే పేరు నేడు ఏ పటంలోనూ లేదు. అయినా ఈ చుట్టుపక్కల ఆ పేరు తగిలించుకోని వస్తువును చూపించడం కష్టం. పోలీసు సర్కిల్ మొరవనాడు, ఆసుపత్రి మొరవనాడు, ప్రైవేటు బస్సు, గోలీసోడా, చివరికి కోళ్ళ దాణా కూడా మొరవనాడే. ఒకప్పుడు రాజ్యంగా ఉండి, ఆనక మాసిపోయింది. తరువాత తాలూకాగా తిరిగి వచ్చింది. మండలాలు ఏర్పడినప్పుడు మళ్ళీ పోయింది. సర్కిల్ బోర్డు మార్చడం మాత్రం ఎవరికీ తోచలేదు. పేరును మరీ ఇంత చవక చేశారేమిటని విసుక్కుంటూ మొరవనాటమ్మ గుట్ట ఎక్కే భక్తులు ముందుగా ఈ కథ వినాలి. ఈ పని మొదలుపెట్టినది ఇక్కడి ఇల్లాలే.

పూర్వం ఇక్కడ ఎర్రక్క, పోతులయ్య అనే దంపతులు జనుము నారతో పగ్గాలు పేనుకుని బతికేవారు. పోతులయ్య కొస పట్టుకుని నిలబడితే, ఎర్రక్క పేనుకుంటూ వెనక్కి నడిచేది. ఒక సంవత్సరం రాజుగారి సేన వెంట ఎడ్లను తోలుకుని పోతులయ్య ఉత్తర దిక్కుకు వెళ్ళాడు. యుద్ధంలో రాజు పోయాడు, సేన చెదిరింది, పోతులయ్య తిరిగి రాలేదు. గెలిచిన రాజు ఈ నాటిని, అంటే ఈ సీమను, ఎవరూ ఆ పేరుతో పిలవకూడదని శాసించాడు. గుట్ట మీది అమ్మవారి పేరుతో సహా రాళ్ళ మీది అక్షరాలన్నీ ఉలితో చెక్కించివేశాడు.

ఊరంతా నోరు మూసుకుంది. ఎర్రక్కకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తన మనిషికి తెలిసిన గురుతు ఆ పేరొక్కటే. అదే లేకపోతే అతడు ఇంటికి దారి ఏమని అడుగుతాడు? కొత్త రాజు ఆ పేరు నాటికి వద్దన్నాడే గాని పగ్గానికి వద్దనలేదు. ఆమె తన పగ్గాలను మొరవనాడు పగ్గాలని చెప్పి బేరగాళ్ళకు అమ్మసాగింది. అంతటితో ఆగక గేదెకూ, చెంబుకూ, దొడ్లో కాసిన సొరకాయకూ అదే పేరు పెట్టింది.

"నీకు దణ్ణం పెడతానమ్మా, ఆ పేరెత్తి మా కొంప ముంచొద్దు" అన్నాడు ఊరిపెద్ద.

"నేను నాటిని పిలిచినానా? గేదెను పిలిచినా. మీకేమి నొప్పి?" అన్నది ఎర్రక్క.

రాజభటులు వచ్చారు. సొరకాయను ఏ నేరం కింద పట్టుకుపోవాలో తెలియక విసిగి వెళ్ళిపోయారు.

కొస పట్టేవారు లేక ఆమె దానిని అమ్మవారి రాతికి కట్టి పేనేది. ఒక మధ్యాహ్నం ఆ రాతి నీడన కునుకు తీస్తుండగా అమ్మవారు కలలోకి వచ్చింది.

"నీ మొగుడి పని నాచేత చేయిస్తివి, సరే. సొరకాయకు పెట్టిన పేరు నాకు పెట్టేందుకు నీకు చేతులు రాలేదా?" అని కసిరింది.

ఎర్రక్క లేచి, లెంపలు వేసుకుని, రాతికి పసుపు రాసి, మొరవనాటమ్మా అని నోరారా పిలిచింది.

పన్నెండేళ్ళు గడిచాయి. పోతులయ్య ఎక్కడ అడిగినా అటువంటి నాడే లేదన్నారు. చివరకు ఒక పశువుల సంతలో ఎవరో, నాడు సంగతి తెలియదు గాని ఆ పేరుతో మంచి పగ్గం దొరుకుతుందన్నారు. అతడు పగ్గాల బేరగాళ్ళ వెంట నడిచి నడిచి ఈ గుట్ట ఎక్కాడు. తల నెరిసిన ఒక ఆడమనిషి వంగి పేనుతూ కనిపించింది.

"అమ్మా, ఇది మొరవనాడేనా?" అని అడిగాడు.

ఇన్నేళ్ళూ కనబడిన ప్రతిదానినీ ఆ పేరుతో పిలిచిన ఎర్రక్క తల ఎత్తి తన మనిషిని గుర్తుపట్టింది. రాతికి కట్టిన కొస విప్పి అతని చేతిలో పెట్టింది. పేనుకుంటూ వెనక్కి నడిచి, పగ్గం సగానికి వచ్చాక అన్నది.

"గట్టిగా పట్టుకో. ఇంకెన్నాళ్ళు నిలబెడతావు అమ్మను?"

ఈ కారణంగా, దేనికైనా ఆ పేరు పెట్టదలచినవారు నేటికీ ఇక్కడకు వచ్చి ఒక పగ్గం పేనేంతసేపు కొస పట్టుకుని నిలబడాలి. బస్సు యజమానీ నిలబడ్డాడు, దాణా వ్యాపారీ నిలబడ్డాడు. అరచేతులు మండుతున్నాయని ఇద్దరూ గొణిగారు. దూరదేశం వెళ్ళినవారి కోసం ఎదురుచూసే ఇంటివారు నిలబడితే, పోయిన మనిషి క్షేమంగా ఇల్లు చేరుతాడని నమ్మకం. వారు నిలబడినంతసేపూ పూజారి రాతి పక్కన ఒక పీట వేసి ఉంచుతాడు. అమ్మవారు కాసేపు కూర్చుంటుంది.